సెలెక్టివ్ అవైలబిలిటీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెలెక్టివ్ అవైలబిలిటీ గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన తప్పే మీరు; 2000 మే 1 అర్ధరాత్రే మిమ్మల్ని స్విచాఫ్ చేశారు కదా, ఇక కుశలమేమిటి!

మీ ఉద్యోగం తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళిన కొరియా విమానాన్ని కూల్చేస్తే 269 మంది చనిపోయారు. ఆ తర్వాత రీగన్ ప్రభుత్వం జీపీఎస్ మామూలు జనానికీ ఉచితమేనంది. ఉచితం అంటే ఎలా ఉంటుందో 1990లో మీరు డ్యూటీలో చేరాకే తెలిసింది. ఉపగ్రహాల్లోని అణుగడియారాల టైమును కావాలని అటూ ఇటూ కదపడం మీ పని. సిగ్నల్ రావడానికి పట్టిన టైమును బట్టే దూరం లెక్క కాబట్టి, సెకనులో వందకోట్లో వంతు తేడా పడితే ఆ లెక్క 30 సెంటీమీటర్లు తప్పుతుంది. మీరు మా అడ్రసును ఏకంగా 100 మీటర్ల దాకా జరిపేవారు. నిజం అంత కచ్చితంగా తెలిసినవాళ్ళే అంత కొలతగా అబద్ధం ఆడగలరు. అమెరికా సైన్యం రిసీవర్లకు (సిగ్నల్ అందుకునే పరికరాలకు) మాత్రం ఆ తప్పును దిద్దుకునే తాళంచెవి ఉండేది.

పాపం, చేరిన ఏడాదే గల్ఫ్ యుద్ధం వచ్చింది. సైన్యం దగ్గర సొంత రిసీవర్లు సరిపోక, బజారులో దొరికే పౌర రిసీవర్లే వేలల్లో కొన్నారు. మీరు ఉంటే సొంత సిపాయిలే ఎడారిలో దారి తప్పుతారని మిమ్మల్ని కొంతకాలం పక్కన పెట్టారు. యుద్ధం అయిపోగానే మళ్ళీ పిలిచారు. ఇంత అవమానం తర్వాత కూడా మారు మాట్లాడకుండా చేరిపోయారు చూశారూ, అదీ ప్రభుత్వోద్యోగి లక్షణం.

అసలు సంబరం అమెరికా తీరరక్షక దళం కోస్ట్ గార్డుది. తీరం వెంట స్టేషన్లు పెట్టి, మీరు కలిపిన తప్పు ఎంతో లెక్కగట్టి, దిద్దుబాటును రేడియోలో ఓడలకు పంపేవాళ్ళు. పాలలో నీళ్ళు పోసేదీ సర్కారే, వడకట్టేదీ సర్కారే, రెండు ఖర్చులూ పన్ను కట్టేవాడివే!

మీరు పోయాక మే 3నే అమెరికాలోని ఆరెగాన్‌లో ఒకాయన ఒక బకెట్‌లో పుస్తకాలూ, ఒక ఉండేలూ పెట్టి అడవిలో దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు. మూడు రోజుల్లో ఇద్దరు వెతికి పట్టుకున్నారు. మీ హయాంలో అయితే ఈపాటికి అడవంతా తవ్వి ఉండేవాళ్ళు. ఇప్పుడు నా ఫోను ఆరుబయట 5 మీటర్ల తేడాతో చూపిస్తోంది. సందుల్లోకి వెళ్తే పక్క వీధి చూపిస్తుంది గానీ, ఆ నేరం మీది కాదు, సిగ్నల్‌ను అడ్డుకునే ఎత్తైన భవనాలది.

కొత్త తరం ఉపగ్రహాల్లో మీకు సీటే ఉండదని 2007లో ప్రకటించారు. అలాగని మురిసిపోలేం. మిమ్మల్ని ఆపేసిన రోజే క్లింటన్ గారు, అవసరమైతే ఒక్కో ప్రాంతానికి విడిగా సిగ్నల్ ఆపగలమని కూడా చెప్పారు. మీరే నయం, సైన్యం తప్ప లోకమంతటికీ సమానంగా అబద్ధం చెప్పారు. అందుకే కాబోలు మన ఇస్రో సొంతంగా జీపీఎస్ లాంటి నావిక్ కట్టింది. అందులోనూ రెండు సేవలు: ఒకటి అందరికీ, రెండోది తాళం వేసి కొందరికే. నేను ఏ లైన్లో ఉన్నానో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇట్లు,
పౌర సిగ్నల్ వినియోగదారుడు