గంధకానికి సంతాప తీర్మానం

మన డీజిల్లో గంధకం కాలం చేసి ఏళ్లు గడిచాయి. ఇంతవరకు ఒక్కరూ సంతాప సభ పెట్టలేదు. ఇరవై ఏళ్లు దాని పొగ పీల్చి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

బళ్ల పొగకి ప్రభుత్వం గీసే హద్దుల్ని భారత్ స్టేజ్, పొట్టిగా బీఎస్, అంటారు. బీఎస్-3 రోజుల్లో కిలో డీజిల్లో 350 మిల్లీగ్రాముల దాకా గంధకం ఉండేది. బీఎస్-4లో 50కి దించారు. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు బిగించుకుని కూర్చున్న వేళ, బీఎస్-6 అని 10 చేశారు. బండి తీసేవాడే లేడు కాబట్టి అభ్యంతరం చెప్పేవాడూ లేడు. అయిదో తరగతి చదవకుండానే ఆరులో కూర్చోబెట్టిన పిల్లాడిలా మన డీజిల్ బీఎస్-5 ముఖం చూడకుండానే పాసైపోయింది.

మా నాన్నగారి జీపు 1996 మోడల్. ఇంజనుకి డీజిల్ అందించడానికి దానికి రోటరీ పంపు. ఆ పంపుకి వేరే ఆయిలు పోయరు, లోపల పారే డీజిలే దానికి కందెన. గంధకం తీయడానికి రిఫైనరీలో డీజిల్‌ని హైడ్రోజన్‌తో గట్టిగా ఉతుకుతారట. ఆ ఉతుకుడులో గంధకంతోపాటు జారుడు గుణమూ కొంత కొట్టుకుపోతుంది. అందుకని తర్వాత జారుడు మందు విడిగా కలిపి పంపుతారు. చారులోంచి ఇంగువ తీసేసి, మళ్లీ ఇంగువ వాసన కొని కలపడం లాంటిదన్నమాట. ఈ సంగతి మా మెకానిక్ బాబాయ్‌కి చెబితే, ‘మందు కలిపిన సరుకు మీద నాకు నమ్మకం లేదురా’ అని బీడీ ముట్టించాడు. డీజిల్ బకెట్ పక్కనే.

అప్పుడు నాకు నూనెల నుంచి తీసే బయోడీజిల్ గుర్తొచ్చింది. నూటికి రెండు పాళ్లు కలిపినా జారుడు గుణం వెనక్కొస్తుందని చదివాను. రెండు పాళ్లకే అంత గుణముంటే నూటికి నూరు పోస్తే? మాది సగం సగం పనులు చేసే వంశం కాదు. హైవే మీద ఒక బంకులో ట్యాంకు నింపించాను.

మూడు రోజులు జీపు వెనక నిలబడితే మిరపకాయ బజ్జీల వాసన. వీధి కుక్కలు కూడా వెంటపడ్డాయి. నాలుగో రోజు గోదావరి బ్రిడ్జి ఎక్కబోతూ దగ్గింది, ఆగింది.

బాబాయ్ ఫిల్టర్ గిన్నె విప్పి నా చేతిలో పెట్టాడు. అడుగున నల్లటి మడ్డి, వేలు పెడితే సాగుతోంది. బయోడీజిల్‌కి ఒక జబ్బుంది: కరిగించడం. ఇరవై ఏడేళ్లుగా ట్యాంకు గోడలకు పట్టి, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న మురికినంతా అది గోకి, ఫిల్టర్ దాకా మోసుకొచ్చి పడేసింది. కొత్తగా వచ్చిన నిజాయితీ గల తహసీల్దారు లాగా. రాగానే పాత బీరువాలు తెరిపించాడు, అంతే, ఆఫీసులో పని ఆగిపోయింది. మురికి దాని చోట అది ఉన్నన్నాళ్లూ బండి నడవలేదా?

రబ్బరు గొట్టాల కథ ఇంకా ఘోరం. పాతకాలపు రబ్బరు బయోడీజిల్ తాగి పెళ్లి భోజనం చేసినవాడిలా ఉబ్బి, మెత్తబడింది. కొత్త బళ్లకి ఈ బాధ లేదట, వాటి రబ్బరు వేరు. వాటికి వేరే బాధ ఉంది. హైదరాబాద్‌లో మా బావమరిది బీఎస్-6 కారుకి మసిని పట్టే ఫిల్టర్ ఉంది. రోజూ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఈడ్చితే అది నిండి, దీపం వెలుగుతుంది. మసి కాలాలంటే బండి వేడెక్కాలి, వేడెక్కాలంటే ఆగకుండా పరిగెత్తాలి. అందుకని ఆదివారం పొద్దున్నే పని లేకపోయినా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాడు. గాలి శుభ్రంగా ఉంచడం కోసం మావాడు వారానికి మూడు లీటర్లు తగలబెడుతున్నాడు. ఇంతటి పర్యావరణ సేవకుడు మా ఇంట పుట్టలేదు, ఇల్లరికం కూడా రాలేదు.

ప్రభుత్వం మాత్రం మురికి మర్మం ముందే గ్రహించింది. 2017 కల్లా 20 శాతం బయోడీజిల్ కలుపుతామని 2009 విధానంలో రాసుకున్నారు. దాని నూనె కోసం అడవి ఆముదం నాటమన్నారు, కొందరు రైతులు నాటారు కూడా. 2018లో మళ్లీ రాశారు: 2030 కల్లా 5 శాతం. పదమూడేళ్లు గడువు పెంచి, లక్ష్యాన్ని నాలుగో వంతు చేశారు. ఇలాంటి సంస్కరణ నా ఇంటి లోను మీద ఏ బ్యాంకూ చేయదు.

అసలు 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందట. అనంతపురం పేరు మోగిపోవాల్సిన ఘట్టం. మనం ఆ నూనెతో పచ్చడి తాలింపు పెట్టుకున్నాం, తప్పేం కాదు.

మూడు ఫిల్టర్లు, ఆరు అడుగుల కొత్త గొట్టం, డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఒక పూట అయ్యాక జీపు లేచింది. బాబాయ్ ఈసారి నూటికి అయిదు పాళ్లే పొయ్యమన్నాడు. ఇంటి ముందు ఆపి, స్టార్ట్‌లోనే ఉంచి, గుడికి వెళ్దామని మా ఆవిడ కోసం ఎదురుచూశాను. పావుగంటైనా రాలేదు. లోపలికెళ్లి అడిగితే, ‘మీరు బండి తీసినట్టే లేదుగా, వరండాలోకి పొగ రాలేదు’ అంది.