రాళ్ల పెట్టె అరువిస్తే పోయేదేముంది?

అగ్ని శిల, అవక్షేప శిల, రూపాంతర శిల. మన పిల్లలు ఈ మూడు పేర్లూ బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు, మార్కులూ పడతాయి. కానీ బడి గేటు పక్కన పడున్న రాయి చూపించి ఇది వీటిలో ఏదిరా అంటే బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు, టీచర్ దగ్గర పుస్తకంలో బొమ్మ తప్ప రాయి లేదు.

అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోల చంద్రశిలల్లోంచి చిన్న చిన్న నమూనాలు తీసి, పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్లల్లో బిగించి, శిక్షణ తీసుకున్న టీచర్లకు నాసా దశాబ్దాలుగా అరువిస్తూ వచ్చింది. చంద్రుడి రాయే అరువు దొరికినప్పుడు మన మంగంపేట గనుల ముగ్గురాయి (బెరైటీస్) దొరకదా?

1851లో పుట్టిన జీఎస్‌ఐకి (దేశంలోని రాళ్లను, ఖనిజాలను సర్వే చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది, శిక్షణ సంస్థా ఉంది. బెంగళూరులో 1958 నుంచి జియొలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. వీళ్లు తలచుకుంటే మండలానికో పెట్టె పెద్ద పనేం కాదు. అందులో ముగ్గురాయి ముక్క ఒకటి, అదే సైజు గ్రానైట్ ముక్క ఒకటి ఉంటే చాలు: రెంటినీ చెరో చేతిలో పెట్టగానే ముగ్గురాయి ఒకటిన్నర రెట్లకు పైగా బరువుందని పిల్లాడి చెయ్యే చెబుతుంది, సాంద్రత పాఠం సగం అయిపోయినట్టే. కడప బండ ముక్క మీద నిమ్మరసం పడితే నునుపు పోయి మచ్చ పడుతుంది. వంటింటి గట్టు మీద అమ్మ రోజూ తిట్టుకునే ఆ మచ్చే సున్నపురాయి కెమిస్ట్రీ.

అసలు చిక్కు రాళ్ల దగ్గర లేదు, స్టాక్ రిజిస్టర్ దగ్గరుంది. ప్రభుత్వ బడికి ఏ వస్తువొచ్చినా పోతే ఎవరు కట్టాలన్న టెన్షన్‌తో బీరువాలో పెట్టి తాళం వేస్తారు (మైక్రోస్కోపుల గతి చూడండి). ఆడిట్ వాళ్లు అడిగేది వస్తువు ఉందా అనే గానీ పిల్లలు ముట్టుకున్నారా అని కాదు. అందుకే ఒక్కో బడికి ఇచ్చేసి చేతులు దులుపుకోవడం కన్నా, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో ఒక టీచర్ నుంచి ఇంకో టీచర్‌కు పదిహేను రోజులకోసారి చేతులు మారే అరువు పద్ధతే నయమని మా అభిప్రాయం. రాళ్లు పగులుతాయి, ఒకటో రెండో పిల్లల జేబుల్లోకీ వెళ్తాయి. వాటికి టీచర్ జీతంలో కోత ఉండదని విద్యాశాఖ ముందే ఉత్తర్వు ఇవ్వాలి, అదీ జూన్‌లో బడులు తెరిచేలోపు.