డబ్బాలో నోబెల్

మెదడులో నరాలు మొలిపించే పొడి ఒకటి మా ఇంటికొచ్చింది. అరకిలో డబ్బా, 2,800 రూపాయలు. తెచ్చినవాడు మా తోడల్లుడు. గతంలో అయస్కాంతాల పరుపూ, ఆ తర్వాత ఆల్కలైన్ నీళ్ళ మిషనూ తెచ్చింది కూడా ఈయనే. ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనూ ఒకడుంటాడు.

"నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అన్నయ్యా! నోబెల్ వచ్చింది దీనికి."

"ఈ డబ్బాకా?"

"ఫ్యాక్టర్‌కి. జేఈఈ పిల్లలకి ఇదే ఇస్తున్నారంట."

గ్లాసుడు వేడిపాలలో మూడు చెంచాలు వేసి, కరగకపోతే చెంచా వెనకవైపుతో ఉండలు చిదుముతూ, చచ్చిపోయే నరాల కణాలకి ఇది తిండి అని వివరించాడు. ఉండలు చితకలేదు. కరగకపోవడం ఒరిజినల్‌కి గుర్తట.

నోబెల్ సంగతి మాత్రం నిజం. నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అంటే నరాల కణాల్ని పెంచి బతికించే, ఒంట్లోనే తయారయ్యే పదార్థం. ఇలాంటి ఫ్యాక్టర్లు కనిపెట్టినందుకు 1986లో రీటా లెవీ-మాంతల్చీని, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్తలకి ఇచ్చారు. 1938లో ఇటలీ నియంత ముస్సోలినీ చట్టాలు యూదుల్ని విశ్వవిద్యాలయాల్లోంచి గెంటేస్తే, రీటా టూరిన్‌లో తన పడకగదిలోనే ల్యాబ్ పెట్టుకుంది. కుట్టుసూదులు సానబెట్టి పనిముట్లు చేసుకుంది. కోడిపిల్ల పిండాల మీద పరిశోధన కాబట్టి పొదిగే గుడ్లు కావాలి. యుద్ధకాలం. పిల్లలకి బలమని రైతులకి అబద్ధం చెప్పి తెచ్చుకునేది. అంటే ఆవిడ సైన్సు కోసం పిల్లల బలం పేరు వాడుకుంది. మా తోడల్లుడు పిల్లల బలం అమ్మడానికి సైన్సు పేరు వాడుతున్నాడు. లెక్క సరిపోయింది.

డబ్బా మీద మాత్రం కొంచెం నిజాయితీ ఉండాల్సింది. ఈ ఫ్యాక్టర్ జాడ మొదట దొరికింది ఎలుకకు వచ్చిన ఒక కేన్సర్ గడ్డలో. ఆ గడ్డ సారంలోని న్యూక్లిక్ ఆమ్లాల్ని (డీఎన్ఏ లాంటివి) విరగ్గొడదామని కోహెన్ పాము విషం కలిపితే, గడ్డలో కంటే విషంలోనే ఈ సరుకు ఎన్నో రెట్లు ఎక్కువుందని తేలింది. ఆ తర్వాత మగ ఎలుక లాలాజల గ్రంథుల్లో దండిగా దొరికింది. కాబట్టి తోడల్లుడికి నా సలహా: డబ్బా మీద ఆ నవ్వుతున్న టాపర్ బొమ్మ తీసేసి మగ ఎలుకను వేయించు. కింద "స్వచ్ఛమైన ఉమ్మి, పాలలో కలిపి రోజుకు రెండుసార్లు" అని రాయించు. తల్లిదండ్రులు అప్పుడూ కొంటారు. టాపర్‌కి ఏ ర్యాంకు వచ్చిందని మాత్రం అడుగుతారు.

అసలు జరిగేది వేరు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. ఒక్కోటీ ఒక పోగు చాచి చర్మాన్నో, కండనో, మరో కణాన్నో చేరుతుంది. చేరిన చోట ఈ ఫ్యాక్టరో, ఇలాంటిదే ఇంకోటో కొంచెమే ఉంటుంది. దాన్ని అందుకున్న కణం ఆ కబురును పోగు వెంట వెనక్కి, తన ఒంటిదాకా మోసుకెళ్ళి బతుకుతుంది. అందనిది తనంతట తానే ఆరిపోతుంది. చాలాచోట్ల ఇలా సగం దాకా పోతాయి. పోవడం జబ్బు కాదు, పద్ధతి. ఆ పద్ధతి చాలావరకు పుట్టకముందే ముగుస్తుంది. పదిహేడేళ్ళ మా అబ్బాయికి పాలలో కలిపి పట్టాల్సిందేమీ మిగల్లేదు.

పైగా ఇది ప్రొటీన్. తాగితే కడుపులో కందిపప్పుకు పట్టే గతే దీనికీ. సూది ద్వారా రక్తంలోకి ఎక్కించినా మెదడు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నరాల జబ్బుకు మందవుతుందని మనుషులకి ఇచ్చి చూస్తే ఒళ్ళునొప్పులొచ్చాయి. ఆ అనుభవంతోనే, దీన్ని అడ్డుకుంటే నొప్పి తగ్గుతుందేమోనని మందులు కూడా తయారుచేశారు. మా అబ్బాయికి నెలరోజులు పట్టించినా ఏ నొప్పీ రాలేదు. డబ్బాలో ఏమీ లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ మావాడి హాస్టల్లో పొద్దున అయిదుకి బెల్లు, రాత్రి పదకొండున్నరకి స్టడీ అవర్ అయిపోతుంది. నాలుగంతస్తుల కాలేజీ, మెట్లు తప్ప గ్రౌండ్ లేదు. ఎలుకల బోనులో ఒక చక్రం పెడితే, ఊరికే పరిగెత్తినందుకే వాటి మెదడులో బీడీఎన్ఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ పెరిగిందని 1995లోనే చూపించారు. ఎలుకకైనా చక్రం ఇచ్చారురా! లక్షన్నర ఫీజు కట్టించుకుని పిల్లాడికి పరిగెత్తే చోటివ్వరు, నిద్రపోనివ్వరు, ఆదివారం కూడా పరీక్షే. వాడు కళ్ళు నులుముకుంటే "కాన్సన్‌ట్రేషన్ లేదు" అని మనకే ఫోన్ చేస్తారు. నిద్ర దొంగిలించేవాడొకడు, దానికి పొడి అమ్మేవాడింకొకడు. ఇద్దరికీ డబ్బు కట్టిన వెధవను నేను.

మొన్న ఔటింగ్‌కి వచ్చినవాడు బ్యాగు కూడా దించకుండా మంచమెక్కాడు. లేచేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండు. తోడల్లుడు గుమ్మంలో నిలబడి, వాడి గురక విని, నావైపు గర్వంగా చూశాడు.

"చూశావా అన్నయ్యా, లోపల పని మొదలైంది."