రాత్రి రెండింటికి అమ్మకు చెయ్యి అందించేది ఎవరు?

మా అమ్మకు 79 ఏళ్లు. నిరుడు కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, వాకర్ పట్టుకుని నడుస్తోంది. కానీ తెనాలిలోని ఇంట్లో ఒంటరిగా ఉండే రోజులు అయిపోయాయని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అన్నయ్య ఉండేది డల్లాస్‌లో. నేను హైదరాబాద్‌లో లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో ఉంటాను. పొద్దున ఎనిమిదింటికి ఉద్యోగానికి వెళితే ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అమ్మకు తోడుగా పెట్టుకున్న ఆయాలు నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. అప్పుడు, హోమ్ మాట మొదట అమ్మే ఎత్తాక, అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లు, అంటే రోజువారీ పనుల్లో సాయం చేస్తూ పెద్దవాళ్లను చూసుకునే చోట్లు, చూడటం మొదలుపెట్టాను.

ఆరు హోమ్‌లు చూశాను. అన్ని చోట్లా మొదట చూపించినవి అవే: పూలతోట, చిన్న గుడి, భజన హాలు, ఏసీ గది, తళతళలాడే వంటిల్లు. వీడియో కాల్‌లో అన్నయ్యకు చూపిస్తే అన్నీ నచ్చాయి. నాకూ నచ్చాయి. మూడో హోమ్ నుంచి తిరిగి వస్తుండగా దారిలో ఒక సంగతి తట్టింది. ఆ చూపించడమంతా మా కోసం, దూరంగా ఉన్న పిల్లల మనసు కుదుటపడటం కోసం. అమ్మ ఆ తోటలో రోజుకు అరగంట కూర్చుంటుందేమో. రాత్రి మాత్రం మూడుసార్లు లేస్తుంది. ఆ మూడుసార్లూ ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఎవరా మనిషి? ఆ రాత్రి ఇంకెంతమందిని చూసుకుంటోంది? ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉంది?

రాత్రిపూట వచ్చి చూస్తానని అడిగితే రెండు హోమ్‌లే ఒప్పుకున్నాయి. మొదటి దానిలో రెండు అంతస్తుల్లో ముప్ఫైమందికి పైగా ఉన్నారు. వాళ్లందరికీ ఇద్దరు ఆయాలు. ఒక గదిలోంచి ఒక పెద్దాయన పిలుస్తూనే ఉన్నారు. ఆయా అప్పటికే పై అంతస్తులో ఇంకొకరి దగ్గర ఉంది. పదకొండు నిమిషాల తర్వాత వచ్చింది, పరుగున వచ్చింది. ఆమెను తప్పుపట్టలేను. పొద్దున ఎనిమిదింటికి ఎక్కిన డ్యూటీ అట. రెండో హోమ్‌లో ఇరవైనాలుగుమందికి నలుగురున్నారు. ప్రతి మంచం దగ్గరా ఒక నోటుపుస్తకం ఉంది. పదింటికి కుడివైపు తిప్పాం, పన్నెండింటికి ఎడమవైపు తిప్పాం, ఇన్ని నీళ్లు తాగారు అని వేర్వేరు చేతిరాతల్లో రాసి ఉంది. తోట చిన్నది. గుడి లేదు, గోడకు వెంకటేశ్వరస్వామి పటం ఉంది.

మంచం మీద కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి. ముసలితనంలో అవి ఒక పట్టాన మానవు. ఇది చాలామందికి తెలిసిన విషయమే. తెలియనిది, నన్ను బాగా కలవరపెట్టినది ఇంకొకటి ఉంది. చేతులు చాలని చోట నడవగలిగిన మనిషికి కూడా డైపర్ వేస్తారు. మరుగుదొడ్డికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మళ్లీ మంచం మీదికి చేర్చడానికి పావుగంట పడుతుంది. డైపర్‌తో ఆ పావుగంట మిగులుతుంది. వాడని కాళ్లు కొన్ని వారాల్లోనే బలం కోల్పోతాయి. నడిచి వచ్చిన మనిషి మంచం పట్టడం అలా జరుగుతుంది, వయసు మీదపడింది కదా అని మనం సరిపెట్టుకుంటాం. నిద్రమాత్రల సంగతీ ఇంతే. రాత్రి గొడవ చేయకుండా ఉండటానికి మాత్ర ఇస్తున్నారా, డాక్టరు రాసిందే ఇస్తున్నారా, ఇచ్చినప్పుడు ఎక్కడ రాస్తున్నారు అని అడిగి తీరాలి. అడిగినందుకు ముఖం చిట్లించే హోమ్ నుంచి అక్కడికక్కడే బయటికి వచ్చేయడం మేలు.

అమ్మకు ఎంత సాయం కావాలో ముందు మనం తేల్చుకోవాలి. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ తన సహచరులతో కలిసి 1963లో ప్రచురించిన ఒక కొలత నేటికీ వాడుకలో ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషి తనంతట తాను ఏవి చేసుకోగలరో చూస్తారు. అమ్మకు వాటిలో రెండింటికి, స్నానానికీ మంచం దిగడానికీ, సాయం కావాలి. ఈ ఆరు పనుల గురించి అడిగినది నేను చూసిన ఆరు హోమ్‌లలో ఒక్కటే. మిగతావాళ్లు షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడిగి ధర చెప్పారు.

ధర కన్నా అగ్రిమెంట్ నాకు ఎక్కువ భయం పుట్టించింది. డిపాజిట్ లక్షల్లో ఉంటుంది. మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగిస్తారో కొన్ని కాగితాల్లో అసలు లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే వెంట ఎవరు వెళతారు, పిల్లలు చేరేదాకా ఎవరు కూర్చుంటారు అన్నదీ లేదు. రెండు అగ్రిమెంట్లలో మాత్రం ఒక వాక్యం స్పష్టంగా ఉంది. మతిమరుపు వ్యాధి ముదిరినా, పూర్తిగా మంచం పట్టినా నెల రోజుల నోటీసుతో తీసుకెళ్లాలి. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. సాయం అత్యవసరమయ్యే రోజునే బయటికి పంపే చోటును సంరక్షణ కేంద్రమని ఎలా పిలుస్తాం?

చట్టం వైపు చూశాను. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చని అందులో ఉంది. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల మనోవర్తి ఇప్పించే ట్రిబ్యునళ్లూ ఉన్నాయి. డబ్బు కట్టించుకుని నడిపే సంరక్షణ కేంద్రాలన్నీ రిజిస్టర్ కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఒకరు ఉండాలన్న ఒక్క నియమం వచ్చినా వేల కుటుంబాలకు ఊరట. రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు పైచదువులకు, ఉద్యోగాలకు దూరమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇది మన ప్రభుత్వాలు చొరవ తీసుకోవాల్సిన పని.

డబ్బు విషయంలో ఒకే మాట గట్టిగా చెబుతాను. డిపాజిట్ కోసం వెంటనే ఇల్లు అమ్మకండి. 70 దాటిన వారందరికీ 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రి వైద్యం ఉంది. హోమ్‌కు కట్టే నెలసరి డబ్బు దాని కిందికి రాదు. కాబట్టి ఇల్లే ఆసరా అవుతుంది, నిజమే. కానీ చేరిన చోట ఇమడలేకపోతే తిరిగి వెళ్లడానికి ఆమెకంటూ ఒక గడప ఉండాలి. ఇల్లు పిల్లల పేర గిఫ్ట్ డీడ్ రాసేవాళ్లు పోషణ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి. షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకునే దారి 2007 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. అయితే అలాంటి షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పులో అంది. కాగితం మీద రాసి ఉంటే ఇంత వాదన అవసరం రాదు.

మా పిన్ని ఫోన్ చేసి, "ఇద్దరు పిల్లలుండి అక్కను ఆశ్రమంలో పెడతారటే?" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఈ సిగ్గు వల్ల జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. పెళ్లి సంబంధమైతే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీస్తాం. అమ్మను చేర్చే చోటు గురించి మాత్రం ఎవరినీ అడగం, ఎవరికీ చెప్పం. అంతా గుట్టుగా, తొందరగా కానిచ్చేస్తాం. ముందు చేర్చినవాళ్ల అనుభవం తర్వాతివాళ్లకు అందదు. పిన్నికి హోమ్ పేరు, అడ్రసు చెప్పి, ఎప్పుడైనా చెప్పకుండా వెళ్లి చూసి రమ్మన్నాను. రెండుసార్లు వెళ్లింది.

చివరికి ఎంచుకున్నది అమ్మే. నోటుపుస్తకాలున్న ఆ హోమ్‌కు తీసుకెళితే నేను అడగనివి అడిగింది. అయిదింటికి కాఫీ ఇస్తారా? నా బీరువా తాళం నా దగ్గరే ఉంచుకోవచ్చా? రాత్రి డ్యూటీలో తెలుగు వచ్చినవాళ్లు ఉంటారా? అమ్మకు హిందీ రాదు. అంతకుముందు చూసిన ఒక హోమ్‌లో ఆయాలందరూ ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. మంచి పిల్లలే. కానీ తిమ్మిరికీ, పోటుకూ, సలుపుకూ తేడా అర్ధరాత్రి సైగలతో ఎలా చెబుతుంది? ఇక్కడ రాత్రి ఒకామె పల్నాడు నుంచి వచ్చిందని తెలిశాక అమ్మ ముఖం తేటపడింది.

డిపాజిట్ కట్టకుండా ఒక నెల ఉండి చూడటానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఇరవై రోజులైంది. కాఫీ పల్చగా ఉంటోందట, చెబితే మార్చారట. రాత్రి మూడోసారి లేచినప్పుడు మాత్రం కాస్త ఆలస్యమవుతోందట. దాని గురించి మేనేజరుతో మాట్లాడాను, వచ్చే శనివారం రాత్రి వెళ్లి చూస్తాను. మంచం పడితే తీసుకెళ్లాలన్న వాక్యం ఈ అగ్రిమెంట్‌లోనూ ఉంది. అది తీసేస్తేనే సంతకం పెడతామని అన్నయ్య రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. తెనాలి ఇంటి తాళంచెవి అమ్మ బీరువాలోనే ఉంది.