సకుటుంబ సపరివార సమేతంగా

పోయిన నెల ఇక్కడ అమెరికాలో మా పక్కింటి యూదుల అమ్మాయి బాత్ మిట్జ్వా విందులో (ఈడొచ్చిన ఆడపిల్లకి వాళ్లు చేసే మత వేడుక అది), హాలు గుమ్మం దగ్గర బల్ల మీద నాలుగు పేర్ల చీటీలు మిగిలిపోయాయి. రాత్రి పది దాటినా ఎవరూ తీసుకోలేదు. నాలుగూ తెలుగు పేర్లే. సుబ్రహ్మణ్యంలో ఒక్క అక్షరం తప్పు పోకూడదని పాపం ఆ పిల్ల తల్లి నాకు మూడుసార్లు మెసేజ్ పెట్టింది.

వస్తామని కార్డు పంపిన ఆ నలుగురూ రాలేదు. కార్డే పంపని ఇంకో కుటుంబం మాత్రం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిపి ఐదుగురు దిగారు. గబగబా కుర్చీలు సర్దారు. ఎవరూ ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు కారు దగ్గర ఆవిడ నన్ను మెల్లిగా అడిగింది: "మీవాళ్లని పిలవడంలో నావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?"

తిట్టినా బాగుండేది.

ఆ జాబితా ఎలా తయారైందో నేను చూశాను. తేదీ వాళ్ల గుడి, అంటే సినగాగ్, రెండేళ్ల ముందే ఇచ్చేసింది. ఆ వారానికి వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలో ఏ భాగం వస్తే అదే పిల్ల చదవాలి, అదీ అచ్చుల గుర్తులు లేని చుట్టలోంచి. గుడులు, కొమ్ములు తీసేసిన తెలుగు చదవమంటే మన పిల్లలేం చేస్తారో ఊహించుకోండి. ఇక వాళ్ల వంటింటి బల్ల మీద కాగితాల్లో పేర్లు ఎక్కేవి, దిగేవి. ఏడో తరగతిలో సగం మందినే పిలిస్తే, విందులో పంచిన స్వెట్‌షర్టులు సోమవారం ఆ సగమే వేసుకొస్తారు, మిగతావాళ్లు చూస్తూ ఉండాలి. అందుకని తన ఆఫీసు స్నేహితుల్ని కొట్టేసి క్లాసంతా రాసుకుంది. తోరా దగ్గరికి ముందు ఎవర్ని పిలవాలన్న దాని మీద గంట ఫోను. అచ్చం మన పెళ్లిళ్లలో బట్టలు పెట్టే వరసే. అమ్మమ్మకి మాత్రం ఆ గౌరవం ఇవ్వాల్సిందే అంది. అమెరికాలో 1922లోనే న్యూయార్క్‌లో జూడిత్ కాప్లాన్‌కి ఈ వేడుక జరిగినా, చాలా సినగాగుల్లో అమ్మాయిలకి చెయ్యడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఆ అమ్మమ్మకి చెయ్యలేదు.

అంత కోతలోనూ మన నాలుగు ఇళ్లకి చోటుంచింది.

మన పద్ధతి తప్పని నేననను. బొట్టు పెట్టి పిలిచాక వెళ్లడమే జవాబు, మళ్లీ చీటీ ఏమిటంటుంది మా అత్తయ్య. తెనాలిలో వందమందికి వండితే నూటయాభైమంది తిన్నారట, ఇంకో బంతి వేశారట. నిజమే. వాళ్లకీ పొద్దున ప్రార్థన సమాజమంతటిదీ. లెక్క రాత్రి విందుకే. కానీ ఆ బంతి భోజనాలు మనం మాత్రం ఎక్కడ పెడుతున్నాం? ఇక్కడ మన ఓణీల ఫంక్షన్లకీ ప్లేటు లెక్కే కదా. అయినా ఆన్‌లైన్‌లో వచ్చే పిలుపు, ఈవైట్‌లో 'మేబీ' నొక్కి, ఆ శనివారం ఇంకేదీ తగలకపోతే వెళ్దామనుకుంటాం. వస్తామనేది మొహమాటానికి, మానేసేది ట్రాఫిక్ వల్ల. దీనికి సంస్కృతి అని పేరు పెట్టకండి, ఒట్టి బద్ధకం.

నేనేమీ తక్కువ తినలేదు. మూడేళ్ల క్రితం ఒక బార్ మిట్జ్వాకి, అంటే మగపిల్లాడికి చేసే ఇదే వేడుకకి, కవరు మీద మా అబ్బాయి పేరొక్కటే ఉంటే, సకుటుంబంగా తయారై వెళ్లాం. లోపల వాడికొక్కడికే కుర్చీ ఉంది. కంచిపట్టు చీరలో పార్కింగ్‌లో మూడు గంటలు, మావారి పక్కన, ప్రెట్జెల్స్ తింటూ కూర్చున్నాను.

అందుకే ఈసారి, అత్తయ్య ఇక్కడే ఉంది, తీసుకురావచ్చా అని నెల ముందే అడిగాను. ఆవిడ సంతోషంగా పేరు రాసుకుంది. కానుక దగ్గర మాత్రం మా ఇంట్లో గొడవ. వాళ్లు 18 రెట్లలో ఇస్తారు, హీబ్రూలో జీవం అనే మాటకి అక్షరాల విలువ కలిపితే అంతే వస్తుంది. అత్తయ్యేమో నూటపదహార్లే అంది. చివరికి 108 దగ్గర రాజీపడ్డాం. వాళ్లకి ఆరు పద్దెనిమిదులు, మనకి అష్టోత్తరం.

మీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాంటి కవరు ఏదైనా ఉంటే ఒకసారి తీయండి. ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. రాలేకపోతే రాలేమనే రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. లోపల జవాబు కార్డుకి చిన్న కవరుంటుంది. దానికి స్టాంపు కూడా వాళ్లే అంటించి పంపారు.