ఒక్క ఉదయపు హెచ్‌ఆర్‌వీ అంకె క్రీడాకారుడి సన్నద్ధతను తేల్చగలదా?

“ఉదయం లేవగానే వాచీలో ఒక్క నిమిషం హెచ్‌ఆర్‌వీ చూసుకుంటే చాలు, అంకె పెరిగితే గట్టిగా సాధన చేయవచ్చు, తగ్గితే విశ్రాంతి తీసుకోవాలి” అనే మాట వృత్తి క్రీడాకారులలోనూ వారి కోచ్‌లలోనూ బాగా ప్రచారంలో ఉంది. హెచ్‌ఆర్‌వీ అంటే ఒక గుండె స్పందనకూ మరో స్పందనకూ మధ్య వ్యవధిలో కనిపించే హెచ్చుతగ్గులు. ఇందులో కొంత నిజం ఉన్న మాట వాస్తవమే కానీ, మిగిలిన భాగాన్ని నమ్మి ఒక క్రీడాకారుడిని పక్కన కూర్చోబెట్టడం అతనికి చేసే అన్యాయం.

నిజమున్నది నిమిషం విషయంలోనే. 1996లో యూరప్, ఉత్తర అమెరికా వైద్య సంఘాలు కలిసి వెలువరించిన ప్రమాణాలు స్వల్పకాలిక కొలతకు 5 నిమిషాలు సూచించాయి. అయితే కాసేపు కదలకుండా ఉండి, స్పందన కుదుటపడిన తరువాత ఒక నిమిషం కొలిచినా, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అనే సూచిక 5 నిమిషాల విలువకు దగ్గరగానే వస్తుందని క్రీడాకారులపై జరిగిన తరువాతి పరిశోధనలు చూపాయి. వరుస స్పందనల వ్యవధుల మధ్య తేడాలనే అది లెక్కిస్తుంది గనుక ఇది సాధ్యమవుతుంది. ఆ హెచ్చుతగ్గులలోని నెమ్మది తరంగాలను (ఎల్‌ఎఫ్), వేగవంతమైన తరంగాలను (హెచ్‌ఎఫ్) పోల్చే నిష్పత్తికి ఈ వెసులుబాటు లేదు: ఎల్‌ఎఫ్‌లో అతి నెమ్మదైన 0.04 హెర్ట్జ్ తరంగం ఒక్క ఆవృత్తి పూర్తి కావడానికే 25 సెకన్లు పడుతుంది.

ఏ పరికరంతో కొలిచినా ఒకటే అనుకోవడం అసలు చిక్కు. మణికట్టు వాచీ గుండె విద్యుత్ సంకేతాన్ని కాక, చర్మం కింద రక్తప్రవాహంలోని మార్పును కాంతితో చూస్తుంది. చేయి కదిలినా, పట్టీ వదులైనా స్పందనను తప్పుగా గుర్తించవచ్చు. నిమిషానికి 60 స్పందనలు, వరుస వ్యవధుల మధ్య తేడా ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు అనుకుంటే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 50 అవుతుంది. అందులో ఒకే ఒక్క స్పందన ముందుగా పడి, సుమారు 1000 చొప్పున ఉండవలసిన రెండు వ్యవధులు 600, 1400గా నమోదైతే, తేడాలను వర్గం చేసి సగటు తీసే ఆ లెక్కలో అదే విలువ సుమారు 136కు ఎగబాకుతుంది. అలసిన వ్యక్తి ఆ ఉదయం అత్యంత సన్నద్ధుడిగా కనిపిస్తాడు! ఈసీజీ ఆధారిత ఛాతీ పట్టీ వాడినా ఇలాంటి స్పందనలను ఏరివేయక తప్పదు. నిమిషం కొలతలో ఈ శుద్ధి మరీ ముఖ్యం.

“ఎక్కువైతే మంచిదే” అన్నదీ నిలవదు. విశ్రాంతిలో గుండె వేగం బాగా తక్కువగా ఉండే ఓర్పు క్రీడాకారులలో, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి ప్రభావం పతాకస్థాయికి చేరినప్పుడు హెచ్‌ఆర్‌వీ పెరగడానికి బదులు తగ్గవచ్చు. దాన్ని అలసటగా చదివితే తీర్పు తలకిందులవుతుంది. అందుకే స్పందనల మధ్య సగటు వ్యవధిని కూడా పక్కనే పెట్టి చూడాలి.

ఒక్కరోజు తగ్గుదలకు నిద్రలేమి, ప్రయాణం, మద్యం, జ్వరం వంటివెన్నో కారణం కావచ్చు. రోజూ ఒకే వేళకు, ఒకే భంగిమలో, ఒకే పరికరంతో కొలిచి, 7 రోజుల సగటును అదే క్రీడాకారుడి మామూలు పరిధితో పోల్చినప్పుడే మార్పుకు అర్థం ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు సిద్ధమో తేల్చడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.