ఇండియన్ లంచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్యాకేజీ టూరు ఇండియన్ లంచ్ గారి సముఖమునకు, నెల్లూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. తమరు కుశలమే. స్టీలు గిన్నె కింద దీపం పెట్టించుకుని సింగపూర్‌లో వెచ్చగా ఉన్నారు. మొన్న శనివారం పన్నెండుంపావుకు ప్లేటు పట్టుకుని తమరి ముందు వరస కట్టిన నలభైమంది సంగతే బాగాలేదు.

నెల్లూరు నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు కారులో మూడు గంటలపైన, అక్కణ్ణుంచి విమానంలో నాలుగు గంటలపైన, దిగాక గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవడం. ఇంతా చేసి చేరుకున్నది పనీర్ బటర్ మసాలా సన్నిధికి! అది మాకు ట్రంకు రోడ్డులోనే దొరుకుతుంది. పాస్‌పోర్టు కూడా అడగరు.

తమరి జన్మరహస్యం తెలియంది కాదు. ఉల్లిపాయ, టమాటా, జీడిపప్పు ముద్దతో పొద్దున్నే దబరాడు గ్రేవీ కాస్తారు. పనీరు పడితే ఒక పేరు, శనగలు పడితే ఇంకో పేరు, కోడిముక్కలు పడితే చికెన్ కర్రీ. మూత కింద రెండు గంటలు ఆవిరి పట్టేసరికి గ్రేవీ మీద నూనె తెట్టె కడుతుంది, పనీరు రబ్బరవుతుంది. పక్కనే పెట్టిన అప్పడం ఆ ఆవిరికే మెత్తబడుతుంది. తలకింత అని ముందే బేరం కుదిరిపోయింది గనక, తిన్నా తినకపోయినా తమరి పద్దు తమరిదే. టూరు కాగితం మీద మాత్రం ‘ఇన్‌క్లూడెడ్’ అని పెద్దక్షరాలు. ఇన్‌క్లూడెడ్ అంటే మా డబ్బులు ముందే తీసుకున్నారని అర్థం, అంతే గదా!

అంతా ఓర్చుకుందుము. కానీ తమరు కొలువున్న పేట లిటిల్ ఇండియా. కూతవేటు దూరంలో టెక్కా సెంటరు ఉంది. అందులో చేపల మార్కెట్టు, దాన్నానుకునే తినుబండారాల అంగళ్లు. అటు రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకేసి ఫిష్ హెడ్ కర్రీ వడ్డించే హోటళ్లు. కేరళ నుంచి వచ్చిన ఎం.జె.గోమెజ్ అనే ఆయన 1949లో దాన్ని మొదలుపెట్టాడని చెబుతారు. చేప తలకాయ అంటే చీనావాళ్లకు ప్రాణమని చూసి, దాన్ని మన దక్షిణాది పులుసులో దించాడు. రెడ్ స్నాపర్ అనే సముద్రపు చేప తలకాయ, చింతపండు, కరేపాకు, బెండకాయ, వంకాయ. కొందరు కొబ్బరిపాలు పోసి కారం తగ్గిస్తారు. మామిడికాయ ముక్క లేదే అని నెల్లూరోడు సణగొచ్చు, చేప పడ్డాక గరిటె పెట్టారా దబరా పట్టుకుని తిప్పారా అని ఆరా తీయొచ్చు. సణగాలన్నా ముందు తినాలి గదా సామీ! నెల్లూరోణ్ణి చేపల మార్కెట్టు పక్కన కూర్చోబెట్టి పనీరు వడ్డించడం ఏ ఊరి మర్యాద?

తమరి తరఫు వకీళ్ల వాదన విన్నాం. బయట తింటే బీఫ్ కలుస్తుందంట. హాకర్ సెంటరంటే తిండి అంగళ్లన్నీ ఒకచోట చేరిన చోటు. అక్కడ ఏ అంగడి వంట దానిదే, బోర్డు మీద వంటకం పేరూ బొమ్మా ఉంటాయి. హలాల్ పత్రం ఉన్నచోట పంది ఉండదు గానీ బీఫ్ ఉండొచ్చు కాబట్టి నోరు తెరిచి అడగాలి. చార్ క్వే తియావ్ అనే వేపుడు నూడుల్స్‌లో పందికొవ్వు పడుతుంది, వద్దనుకునేవాళ్లు దాటేయాలి. శాకాహారులకు అసలు చిక్కు సంబల్ అనే మిరపకాయల ముద్ద వేసిన ఆకుకూర వేపుడుతో. అందులో బెలచాన్ ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యపొడి ముద్ద. (ఎండు రొయ్యల వాసనకే అన్నం కలుపుకునే మా వైపు వాళ్లకు అది చిక్కేం కాదులే.) చికెన్ రైస్‌లో కోడి ఎముక దగ్గర ఎర్రగా కనబడితే పచ్చిదని పారేయబాకండి. నీళ్లు తెర్లకుండా సన్నసెగ మీద ఉడికించి, వెంటనే ఐసు నీళ్లలో ముంచుతారు. అట్టా చేస్తేనే తోలు జెల్లీలా బిగుస్తుంది. మనసొప్పకపోతే రోస్టెడ్ అడగండి. అన్నం మాత్రం ఆ కోడి ఉడికిన నీళ్లలోనే, అల్లం వెల్లుల్లితో వండింది.

నలభైమందికి ఒకచోట సీట్లు దొరకవన్నది నిజమే. నలభైమంది ఒకచోటే ఎందుకు కూర్చోవాలి? ఒక్కో కుటుంబం ఒక్కో బల్ల చూసుకుంటుంది. బల్ల మీద టిష్యూ పాకెట్టు పెడితే ఆ చోటు మనదే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరిన జాతికి ఇది ఒకరు నేర్పాలా? తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి, అక్కడ అది చట్టం. 2020లో ఈ హాకర్ సంస్కృతిని యునెస్కో తన జాబితాలోకి ఎక్కించుకుంది. తమరిని ఎక్కించుకోలేదు, గమనించగలరు.

మెర్‌లయన్ అనే సింహం తల, చేప ఒళ్లున్న బొమ్మ దగ్గర ఇరవై నిమిషాలు, చాక్లెట్ల షాపులో గంట. ఈ లెక్క వేసిన మహానుభావుడికి వేరే ఉత్తరం రాస్తాం. 1972లో పుట్టిన ఆ 8.6 మీటర్ల సింహం ఇంకా నీళ్లు కక్కుతూనే ఉంది, దాని ఓపిక మాకు లేదు.

బస్సు లేకపోతే పిల్లకాయలతో తిరగలేరని బెదిరింపు ఇంకోటి. నీలం రంగు డౌన్‌టౌన్ మెట్రో లైనొక్కటే చైనాటౌన్, బేఫ్రంట్, లిటిల్ ఇండియా మూడింటినీ కలుపుతుంది. మన వీసా, మాస్టర్ కార్డులే గేటు మీద తాకించొచ్చు, కాకపోతే తలకొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇంటిల్లిపాదీ దూరాలని చూస్తేనే రెండోవాడి దగ్గర గేటు తెరుచుకోదు. 0.9 మీటర్ల లోపు పిల్లకాయలకు టికెట్టు లేదు. రైల్లో పులిహోర పొట్లం మాత్రం విప్పబాకండి, 500 డాలర్ల దాకా జరిమానా. పొద్దున కాయా (కొబ్బరిపాలు, గుడ్ల జామ్) రాసిన టోస్టు, కోపీ అనే అక్కడి కాఫీతో మొదలుపెట్టొచ్చు. షుగరున్న పెద్దాయనకు ‘కోపీ-సీ కొసోంగ్’ అని చెబితే పంచదార లేకుండా పాలు పోసిస్తారు. చైనాటౌన్‌లో చికెన్ రైస్, లిటిల్ ఇండియాలో పులుసు, రాత్రి 7.45కి బేఫ్రంట్‌లో సూపర్‌ట్రీలనే ఇనప చెట్ల దీపాల ఆట. ఇంతే! దీనికి మైకు పట్టుకుని తలలు లెక్కబెట్టే మనిషెందుకు?

ఏంది మీ ధైర్యం? వేలకు వేలు పోసి దేశం దాటించి, తిరిగొచ్చాక ‘అక్కడ ఏం తిన్నార్రా’ అని పక్కింటోళ్లు అడిగితే ‘చనా మసాలా’ అని చెప్పుకోవాలా? ఇంకో నాలుగడుగులు నడిస్తే పులుసు! నాలుగంటే నాలుగడుగులు!

సరే, ఒక్కమాట ఒప్పుకుంటాం. శనివారం ఒంటిపూటున్న పెద్దావిడకు చివరి గిన్నెలోని పెరుగన్నమే దిక్కయింది, అందులో తాలింపు కూడా బాగానే పడింది. అందుకని తమరిని మొత్తంగా రద్దు చేయమనడం లేదు. పెరుగన్నం ఉంచండి. తక్కినవాళ్లకు తలకు పది డాలర్లు చేతిలో పెట్టి, పన్నెండు నుంచి రెండున్నర దాకా బస్సు తలుపులు తీసి వదిలేయండి.

ఇట్లు,
బస్సులో 27వ నంబరు సీటు

తా.క. అప్పడం ఇంకా మెత్తగానే ఉందా?